మా ఊరికి పొద్దుటి బస్సు, సాయంత్రం బస్సు తీసేశారు. మళ్లీ రావాలంటే ఏం చేయాలి?

చింతచెట్టు_స్టేజి (ఆదివారం రాత్రి)
అందరికీ నమస్తే. మాది తెలంగాణలో మెయిన్ రోడ్డుకు 9 కిలోమీటర్లు లోపలికి ఉన్న ఊరు. ఊరి పేరు, డిపో పేరు కావాలనే రాయట్లేదు, మా కండక్టర్ మంచివాడు, ఈ గొడవ అతని మెడకు చుట్టుకుంటుందని భయం. టౌన్ 21 కిలోమీటర్లు. దారిలో ఇంకో రెండు ఊళ్లు, ఒక తండా ఉన్నాయి.

నా చిన్నప్పటి నుంచి మాకు పగలు ఆర్టీసీ బస్సు నాలుగు ట్రిప్పులు. రాత్రి 8కి వచ్చిన పల్లె వెలుగు ఊళ్లోనే ఆగేది, డ్రైవర్, కండక్టర్ పంచాయతీ ఆఫీసు వరండాలో పడుకునేవాళ్లు, మా నాయనమ్మ వాళ్లకు మజ్జిగ పంపేది. పొద్దున 6కి అదే బస్సు కదిలేది. 2020 మార్చిలో కరోనాతో అన్నీ ఆగిపోయాయి. మే 19న జిల్లాల్లో బస్సులు మళ్లీ కదిలాయి కానీ మా నైట్ హాల్ట్ బస్సు మాత్రం రాలేదు. పోనీలే, 7:30 బస్సు, సాయంత్రం 5:30 బస్సు ఉన్నాయి కదా అని సర్దుకున్నాం. పోయిన నెల ఆ రెండూ పోయాయి. ముందుగా ఎవరూ చెప్పలేదు, బోర్డు పెట్టలేదు, ఒక సోమవారం బస్సు రాలేదు, మంగళవారమూ రాలేదు, బుధవారం కండక్టర్‌కు ఫోన్ చేస్తే "ఆ షెడ్యూల్ ఎత్తేశారన్నా" అన్నాడు.

ఇప్పుడు మిగిలినవి 11 గంటలకు ఒకటి, 2 గంటలకు ఒకటి. ఎవరెక్కాలి వాటిలో? మా పాప ఇంటర్ రెండో సంవత్సరం. ఊళ్లో ఇంటర్, డిగ్రీ పిల్లలు 13 మంది, హైస్కూలుకు మండల కేంద్రానికి పోయేవాళ్లు ఇంకో 20 మంది దాకా ఉన్నారు. ఆటోకు పోను 40, రాను 40. నెలకు 2 వేలు. ముగ్గురు ఆడపిల్లల్ని ఇప్పటికే మాన్పించారు, పరీక్షలకు పంపిస్తాంలే అంటున్నారు తల్లిదండ్రులు.

డిపోకు పోయి అడిగితే "మీ రూట్లో ఓఆర్ లేదు" అన్నారు. ఓఆర్ అంటే ఏంటో తెలియక తల ఊపి వచ్చాను. ఇక్కడ ఎవరికైనా ఇలా జరిగిందా? ఏం చేశారు?

కిటికీ_సీటు
సేమ్ అన్నా. మా ఊరి బస్సు దేవుడి లాంటిది, ఉందని అందరూ అంటారు, చూసినవాళ్లు లేరు.

సూటిగా
నేను చెప్పేది నచ్చదు, అయినా చెప్తా. ఊళ్లో ఇంటికో బండి ఉంది. ఖాళీ బస్సు తిప్పడానికి డీజిల్ ఎవరు పోయాలి? పల్లె వెలుగు లీటరుకు ఐదు కిలోమీటర్లు, కాస్త అటూ ఇటూగా ఇస్తుంది. పోను రాను 42 కిలోమీటర్లు అంటే 8 లీటర్లు డీజిల్‌కే. పైన ఇద్దరి జీతం, టైర్లు. తొమ్మిది మంది ఎక్కితే ఆ డబ్బు వస్తుందా? అసలే నష్టాల్లో ఉన్న సంస్థ. బస్సు మా హక్కు అని అరిచే ముందు మీ ఊళ్లో ఎంతమంది రోజూ ఆ బస్సు ఎక్కుతున్నారో నిజం చెప్పండి.

మల్లెపందిరి
ఇంటికో బండి ఉంది, నిజమే. ఆ బండి ఎవరు నడుపుతారు? మా ఇంట్లో బండి మా ఆయనది, ఆయన పొలానికి తీసుకుపోతాడు. నేను టౌన్‌లో ఒక ప్రైవేటు హాస్పిటల్లో నర్సుగా చేస్తా, పొద్దున 8కి డ్యూటీ. బస్సు తీసేసినప్పటి నుంచి మా మరిదిని బతిమాలుకుని మెయిన్ రోడ్డు దాకా పోతున్నా. అతనికి పనిపడిన రోజు నాకు లీవే. 2023 డిసెంబర్ 9 నుంచి ఆడవాళ్లకు ఫ్రీ అన్నారు, సంతోషమే, మా ఊళ్లో ముసలమ్మలు ఆధార్ కార్డు కవర్లో పెట్టుకుని తయారయ్యారు. మెయిన్ రోడ్డు మీద ఊళ్లవాళ్లకు ఫ్రీ, లోపల ఊళ్లవాళ్లకు ఆటో. ఇదెక్కడి న్యాయమో మీరే చెప్పండి సార్.

సూటిగా
అక్కా, అసలు కారణం అదే. ఫ్రీ పెట్టాక మెయిన్ రూట్లలో జనం కిక్కిరిసిపోయారు, ఉన్న బస్సులన్నీ అటు మళ్లించారు. కొత్త బస్సులు, కొత్త డ్రైవర్లు కావలసినన్ని రాలేదు. ఎక్కడో ఒకచోట కోయాలి కదా.

మల్లెపందిరి
కోయడానికి మా ఊరే దొరికిందా.

పాత_కండక్టర్
ముప్పై ఏళ్లకు పైగా బ్యాగు వేసుకుని తిరిగినవాణ్ణి, 2019 అక్టోబర్ 5 నుంచి 50 రోజులకు పైగా సమ్మెలో ఉన్నవాళ్లలో నేనూ ఒకణ్ణి. ఇప్పుడు రిటైరై మనవలతో ఉన్నా. లోపలి సంగతి చెప్తా, కాస్త పొడుగైనా చదవండి.

ఓఆర్ అంటే ఆక్యుపెన్సీ రేషియో. ఎన్ని సీట్లకు డబ్బు వచ్చే అవకాశం ఉంది, ఎన్నిటికి వచ్చింది. దానితో పాటు ఈపీకే, కిలోమీటరుకు ఎంత వసూలైందని. డిపో మేనేజర్ ముందు రోజూ ఉండేవి ఈ అంకెలే, మీ పాప ముఖం ఆయనకు కనపడదు. ఆయన్ని తిట్టి లాభం లేదు, ఆయన మీద రీజనల్ మేనేజర్, రీజనల్ మేనేజర్ మీద ఇంకొకరు.

పల్లె బస్సు ఒక్కరోజులో పోదు. మొదట టైం మారుస్తారు. 7:30 బస్సును 8:10 చేస్తారు, కాలేజీ పిల్లలకు పనికిరాదు, సగం మంది పోతారు. తరవాత బస్సు పాడైతే స్పేర్ బస్సు ఇవ్వరు, ఆ ట్రిప్పు క్యాన్సిల్. పెళ్లిళ్ల సీజన్, మేడారం జాతర, పండగ రద్దీ, ఏది వచ్చినా ముందు కోసేది లోపలి ఊళ్ల బస్సునే, ఎందుకంటే అక్కడ అడిగేవాడు ఉండడు. ఇలా వారానికి రెండు రోజులు రాకపోతే మిగతా ఐదు రోజులు కూడా జనం దాన్ని నమ్మరు. ఆటో మాట్లాడుకుంటారు, అప్పు చేసి బండి కొంటారు. అప్పుడు టికెట్ మిషన్‌లో లెక్క తీస్తే ఓఆర్ లేదు. ఆ కాగితం చూపించి ఎత్తేస్తారు. కాగితం అబద్ధం కాదు. ఆ కాగితం వెనక రెండేళ్ల కథ ఉంది, అంతే.

ఇంకో ముచ్చట. పాస్ ఉన్న పిల్లలకు మనం టికెట్ కొట్టం. మా కాలంలో ఎస్సార్, అంటే ట్రిప్పు లెక్కల కాగితం, రాసేటప్పుడు పాసులు ఎంతమందో రాసేవాళ్లం, రద్దీలో అదీ అందాజగా వేసేవాళ్లం, నేనూ వేశా, దాచేదేముంది. బస్సు నిండా పిల్లలున్నా వసూలు చూస్తే 180 రూపాయలు. ఇక మహిళలకు జీరో టికెట్. దానికి గవర్నమెంట్ సంస్థకు డబ్బు కట్టాలి, అందుకే ఆ టికెట్ కొట్టడం ముఖ్యం. "ఒక్క స్టేజే కదా, ఎందుకులే బిడ్డా" అని కండక్టర్ వదిలేసినా, "ఫ్రీ కదా టికెట్ ఎందుకు" అని మీరు తీసుకోకపోయినా, లెక్కలో మీరు ఎక్కనట్టే. మీ బస్సును మీరే ఖాళీ చేసినట్టు.

చింతచెట్టు_స్టేజి
సార్, మీకు దండం. మీరు చెప్పినట్టే జరిగింది. 7:30 బస్సు రెండేళ్ల కిందట 7:50 అయింది, తరవాత 8:15. మేం ఎవరం ఏమీ అనలేదు. ఇరవై నిమిషాలే కదా అనుకున్నాం.

లెక్కల_మాస్టారు
హైస్కూలు టీచర్ని. రోజూ ఇలాంటి బస్సులోనే పోయేవాణ్ణి, ఇప్పుడు కారులో ఇంకో ముగ్గురు టీచర్లతో షేరింగ్. మేం దిగిపోవడం కూడా ఆ ఓఆర్ పడిపోవడానికి ఒక కారణమే, ఒప్పుకుంటాను.

సూటిగా గారికి ఒక మాట. 1950 నాటి రోడ్డు రవాణా సంస్థల చట్టం తీసి చూడండి. 18వ సెక్షన్‌లో సమర్థంగా, సరిపడినంతగా, పొదుపుగా, సమన్వయంతో బస్సులు నడపడం సంస్థ విధి అని ఉంది. 22వ సెక్షన్‌లో వ్యాపార సూత్రాల మీద నడవాలని కూడా ఉంది. మీరు రెండోది చదువుతున్నారు, చింతచెట్టు గారు మొదటిది అడుగుతున్నారు. ఆర్టీసీకే అని నోటిఫై చేసిన రూట్లో మామూలుగా ప్రైవేటు స్టేజి బస్సుకు పర్మిట్ రాదు. సంస్థ తాను నడపకుండా, ఇంకొకరు రావడానికి దారి లేకుండా ఉంటే ఆ ఊరు ఏం కావాలి?

సూటిగా
సరే, ప్రైవేటుకు ఇచ్చేయమనండి అయితే. 2019లో 5,100 రూట్లు ప్రైవేటుకు ఇస్తామని క్యాబినెట్ తీర్మానించినప్పుడు అందరూ గోల చేశారుగా.

పాత_కండక్టర్
గోల చేసిన వాళ్లలో నేనున్నా తమ్ముడూ. ప్రైవేటు వాడు నీ మెయిన్ రోడ్డు రూటు అడుగుతాడు. 9 కిలోమీటర్ల గుంతల రోడ్డు అడగడు.

గోదారి_గట్టు
మాది తూర్పు గోదావరి అండి. ఇక్కడ 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీ శక్తి అని ఆడవాళ్లకు ఉచితం పెట్టారు, పల్లె వెలుగు నుంచి ఎక్స్‌ప్రెస్ దాకా. మా ఆర్టీసీ సిబ్బంది 2020 జనవరి నుంచే ప్రభుత్వోద్యోగులు అయ్యారు కదా, అయినా లంకల్లోకి వచ్చే బస్సు సంగతి మీలాంటిదేనండి. మా అత్తగారు వారానికోసారి డయాలసిస్‌కి వెళ్లాలి. బస్సు వస్తే ఖర్చు లేదు, రాకపోతే ఆటోకి ఆరొందలు. ఆవిడ బస్సు వచ్చేదాకా రావిచెట్టు కింద కూచుంటారు, రాదని తెలిసినా కూచుంటారు. మీ దాంట్లో ఏం జరిగిందో చెబుతూ ఉండండి, మేమూ మొదలెడతాం.

ఆటో_అన్న
నేను ఆటో నడుపుతా. బస్సు పోతే మాకు పండగ అనుకుంటారు అందరూ. ఫ్రీ బస్సు వచ్చిన కొత్తలో మాకు పెద్ద దెబ్బ తగిలింది, ధర్నాలు చేశాం, దాచను. కానీ పొద్దున 7 నుంచి 8 వరకే గిరాకీ, తరవాత చెట్టు కింద పడుకోవడమే. ఆ గంటలో ముగ్గురు ఎక్కాల్సిన దాంట్లో తొమ్మిది మందిని ఎక్కిస్తున్నా, పిల్లలు వెనక రాడ్డు పట్టుకుని వేలాడుతున్నారు. పోలీసాయన ఫైన్ వేస్తే ఆరోజు సంపాదన గోవిందా. ఏదన్నా జరిగితే నా బతుకేం కావాలె? పిల్లల బస్సు వాళ్లకు రానియ్యండి, అంగడికి పోయేవాళ్లు, ఆస్పత్రికి పోయేవాళ్లు మాకు చాలు.

కిటికీ_సీటు
అన్నా ఈ థ్రెడ్‌లో అందరికంటే పద్ధతిగా మాట్లాడింది నువ్వే.

మోడరేటర్
ఒక సభ్యుడు డిపో మేనేజర్ పేరు, పర్సనల్ ఫోన్ నంబరు పెట్టి అందరూ ఫోన్ చేయండన్నారు. తీసేశాను. మళ్లీ పెట్టొద్దు.

తీసేసిన_నంబరు_నాదే
సారీ. కోపంలో పెట్టా.

లెక్కల_మాస్టారు
ఎదురుగా ఉన్న పని చెప్తాను. ఆర్టీఐ, అంటే సమాచార హక్కు దరఖాస్తు, వేయండి. పది రూపాయల ఫీజు, ఒక తెల్లకాగితం. "బస్సు ఎందుకు తీసేశారు" అని అడగకండి, ఎందుకు అనే ప్రశ్నకు తప్పించుకునే జవాబే వస్తుంది. కాగితాలు అడగండి: గత 12 నెలల్లో ఆ రెండు ట్రిప్పులకు నెలవారీ వసూలు, ఓఆర్, ఈపీకే, ఆ 12 నెలల్లో ఆ ట్రిప్పులు ఎన్ని రోజులు క్యాన్సిల్ అయ్యాయి, తేదీలతో సహా, షెడ్యూల్ ఎత్తేసిన ఉత్తర్వు నకలు. 30 రోజుల్లో ఇవ్వాలి. ఇవ్వకపోతే అప్పీలు. క్యాన్సిల్ అయిన రోజుల లెక్క చేతికొస్తే పాత_కండక్టర్ గారు చెప్పిన కథకు సాక్ష్యం దొరికినట్టే.

ఇంకోటి, మంచాల మండలం చీదేడు గుర్తుందా? 2021లో 8వ తరగతి అమ్మాయి అప్పటి చీఫ్ జస్టిస్ ఎన్.వి. రమణ గారికి ఉత్తరం రాసింది, కరోనా నుంచి మా ఊరికి బస్సు లేదు, బడికి ఎలా పోవాలి అని. తండ్రి లేని పిల్ల, తల్లి ఆటో ఛార్జీలు పెట్టలేని పరిస్థితి. ఆయన సంస్థ ఎండీకి చెప్పారు, బస్సు వచ్చింది.

కిటికీ_సీటు
అయితే మేం కూడా సుప్రీంకోర్టుకు రాస్తే పోలా?

లెక్కల_మాస్టారు
రాయొచ్చు. కానీ దేశంలో ఎన్ని ఊళ్లు, చీఫ్ జస్టిస్ ఒక్కరే. ఆ అమ్మాయికి వచ్చిందంటే సంతోషపడాలి, ఒక పల్లె బస్సు కోసం అంత దూరం పోవలసి వచ్చిందే అని సిగ్గు కూడా పడాలి.

కొచ్చిలో_పని
నేను ఐదేళ్లుగా కేరళలో ఉంటున్నా. ఇక్కడ 2022లో గ్రామవండి అని మొదలుపెట్టారు. బస్సు, సిబ్బంది సంస్థవి, డీజిల్ ఖర్చు పంచాయతీది, ఏ దారిలో ఏ టైంకు పోవాలో పంచాయతీ చెప్తుంది. తిరువనంతపురం దగ్గర కొల్లయిల్ పంచాయతీలో మొదటిది నడిచింది. మన దగ్గర ఎందుకు చేయరు?

చింతచెట్టు_స్టేజి
అన్నా, మా పంచాయతీకి ట్రాక్టర్ కిస్తీలు, కరెంటు బిల్లు కట్టడానికే డబ్బుల్లేవు. వీధి లైట్లు సగం వెలగవు. డీజిల్ ఎక్కడి నుంచి పోస్తారు? ఐడియా బాగుంది కానీ కేరళ పంచాయతీ వేరు, మన పంచాయతీ వేరు.

లెస్టర్_తెలుగోడు
ఇంగ్లండ్ నుంచి. ఇక్కడ 1986లో లండన్ బయట బస్సులన్నీ ప్రైవేటు కంపెనీల ఇష్టానికి వదిలేశారు. మా దగ్గరి పల్లెలో ఒక ముసలాయన ఉన్నాడు, నన్ను చూసినప్పుడల్లా ఆదివారం బస్సు పోయిన సంగతి చెప్తాడు, అది పోయి ఇరవై ఏళ్లయింది. టికెట్‌కు 2 పౌండ్లు మించకూడదని 2023లో పెట్టి, 2025లో 3 చేశారు. టికెట్ చౌకే, బస్సేదీ? మల్లెపందిరి అక్క రాసిందే నాకూ అనిపించింది.

పాత_కండక్టర్
కబుర్లు బాగున్నాయి, పని చూద్దాం. చింతచెట్టు తమ్ముడూ, ఆర్టీఐ జవాబు వచ్చేలోపు కూర్చోవద్దు. మీ లెక్క మీరు తీయండి. ఒక పుస్తకం పట్టుకుని పొద్దున 6:30 నుంచి 8:30 దాకా స్టేజి దగ్గర ఒకరు నిలబడండి. ఊళ్లోంచి ఎవరు ఎట్లా పోతున్నారో రాయండి, ఆటోలో ఎంతమంది, బండి వెనక ఎంతమంది, నడిచి మెయిన్ రోడ్డు దాకా ఎంతమంది. ఏ ఊరికి, ఎన్ని గంటలకు అక్కడ ఉండాలి. సాయంత్రం టౌన్ బస్టాండ్లో అదే పని. ఆరు రోజులు. ఇప్పుడు 11 గంటల బస్సులో ఎక్కేవాళ్లను కూడా రాయండి, దాచొద్దు.

ఎందుకంటే డిపోలో అడగాల్సింది "మాకు బస్సు కావాలి" అని కాదు. బస్సు ఉంది కదా, 11కి వస్తోంది కదా అంటారు. "ఆ 11 గంటల ట్రిప్పు తీసుకోండి, 7:15 ఇవ్వండి" అనండి. కిలోమీటర్లు పెరగవు, అదనంగా బండి అక్కర్లేదు. అప్పుడు కాదనడానికి వాళ్లకు కారణం వెతుక్కోవాల్సి వస్తుంది.

సూటిగా
ఇది తెలివైన మాట. పొద్దున డిపోలో బండ్లన్నీ బయట ఉంటాయి, 11కి ఖాళీ దొరుకుతుంది, అందుకే మీకు 11 ఇచ్చారని నా అనుమానం. అడిగి చూడండి.

పాత_కండక్టర్
అనుమానం కాదు, అదే నిజం. 7 నుంచి 9 మధ్య అందరికీ బస్సు కావాలి. నువ్వు మొదటిసారి మంచి మాట అన్నావ్.

చింతచెట్టు_స్టేజి (పది రోజుల తరవాత)
లెక్క తీశాం. పుస్తకం మా పాప, తండా నుంచి డిగ్రీ చదివే ఇద్దరు అబ్బాయిలు వంతులవారీగా పట్టుకున్నారు. సోమవారం పొద్దున మూడు ఊళ్లు, తండా కలిపి 61 మంది. శనివారం 38. తగ్గిన రోజు అదే. 11 గంటల బస్సులో ఆరు రోజులకు కలిపి 44 మంది, అందులో బుధవారం అంగడికి పోయినవాళ్లే 23. సాయంత్రం లెక్క సరిగ్గా రాలేదు, బస్టాండ్లో ఎవరు మా ఊరి వాళ్లో పక్కూరి వాళ్లో తెలియక పిల్లలు గొడవపడ్డారు.

ఇక అసలు గొడవ వినండి. గ్రామసభ పెట్టించాం, తీర్మానం చేద్దామని. మా ఊరివాళ్లు ఒప్పుకున్నారు. తండా వాళ్లు బస్సు తండా లోపలికి రావాలి, రోడ్డు మీద ఆపితే మాకెందుకు అన్నారు. అది రెండు కిలోమీటర్లు పక్కకు. రెండో ఊరివాళ్లు, బస్సు తండాకు పోతే మా పిల్లలకు లేటవుతుంది అన్నారు. ఒకాయన లేచి "రాస్తారోకో చేద్దాం, రెండు గంటలు మెయిన్ రోడ్డు ఆపితే దిగొస్తారు" అన్నాడు. చప్పట్లు కొట్టారు. నాకు టెన్షన్, ఇది ఎటు పోతుందో అని.

మల్లెపందిరి
మెయిన్ రోడ్డు ఆపితే ఇరుక్కునేది నాలాంటి వాళ్లే. డ్యూటీకి లేటైతే సగం రోజు జీతం కట్. దయచేసి వద్దు.

లెక్కల_మాస్టారు
రోడ్డు ఆపితే పేపర్లో ఫోటో వస్తుంది, పదిమంది మీద కేసు కూడా వస్తుంది, అందులో డిగ్రీ పిల్లలుంటే రేపు ఉద్యోగాల వెరిఫికేషన్‌లో ఇబ్బంది. తండా సంగతి మాత్రం పక్కన పెట్టకండి. రెండు కిలోమీటర్లు మీకు ఐదు నిమిషాలు, వాళ్ల పిల్లలకు అరగంట నడక, వానాకాలం బురదలో. పొద్దున ట్రిప్పు తండా మీదుగా పోవాలని తీర్మానంలో రాయండి, తలల లెక్క కూడా మీకు కలిసొస్తుంది, ఆ 61లో తండా వాళ్లు ఎంతమందో?

చింతచెట్టు_స్టేజి
19 మంది సార్.

లెక్కల_మాస్టారు
మరి? వాళ్లు లేకపోతే మీది 42.

పాత_కండక్టర్
రోడ్డు ఎట్లుంది? అది చెప్పలేదు. డిపోలో ఓఆర్ కాదంటే తరవాతి మాట రోడ్డే. బస్సు కింద కమాన్ కట్టలు (స్ప్రింగులు) విరుగుతున్నాయి, డ్రైవర్లు రామంటున్నారు అంటారు. ముందే చూసుకోండి.

చింతచెట్టు_స్టేజి
తండా దగ్గర కల్వర్టు పక్కన సగం కుంగింది సార్. రెండు వానల నుంచి అట్లనే ఉంది.

ఆటో_అన్న
ఆ కల్వర్టు దగ్గర నా ఆటో రెండుసార్లు పల్టీ కొట్టబోయింది. మొరం ఒక ట్రాక్టర్ నేను పోయిస్తా, మనుషుల్ని మీరు చూడండి.

చింతచెట్టు_స్టేజి (ఆ తరవాతి మంగళవారం)
మొరం రెండు ట్రాక్టర్లు పోశాం, తండావాళ్లే ఎక్కువమంది వచ్చారు. డయల్ యువర్ డీఎం (డిపో మేనేజర్‌తో ఫోన్లో మాట్లాడే) కార్యక్రమం ఉందని పేపర్లో చూసి ఫోన్ చేశా. రెండు నిమిషాలే మాట్లాడనిచ్చారు, అందరికీ అంతేనట. మాస్టారు చెప్పినట్టు అంకెలే చెప్పా: 61, 38, 44. అవతల ఒక్క క్షణం మాట లేదు. తరవాత "కాగితం తీసుకుని రండి" అన్నారు. మూడు పంచాయతీల తీర్మానాలు, పుస్తకం జిరాక్స్, కల్వర్టు ఫోటోలు తీసుకుని పోయాం. సోమవారం ప్రజావాణిలో కలెక్టరేట్లో కూడా ఒక కాపీ ఇచ్చి రసీదు తీసుకున్నాం.

ఒక విషయం అక్కడే తెలిసింది. 2023 మేలో ప్రతి ఊరికి ఒక విలేజ్ బస్ ఆఫీసర్ అని సంస్థ ఉద్యోగుల్ని పెట్టింది కదా, ఊరివాళ్లతో మాట్లాడి బస్సుల సంగతి చూడాలని. మా ఊరికి కూడా ఉన్నాడట. మా ఊళ్లో ఒక్కరికీ తెలియదు. వివరం అడిగితే ఆయన బదిలీ అయి ఏడాది దాటింది.

కిటికీ_సీటు
😂 మా ఊరికి ఎవరో నేనూ కనుక్కుంటా. ఉన్నాడో, ఆయన కూడా 11 గంటల బస్సులాగానో.

సూటిగా
నేను మొదట కోపంగా రాశాను కానీ ఇంత పని చేస్తారనుకోలేదు. నా అభిప్రాయం పూర్తిగా మారలేదు, ఎవరూ ఎక్కని బస్సు ఉండకూడదనే ఇప్పటికీ అంటాను. మీదాంట్లో ఎవరూ ఎక్కనిది 11 గంటల బస్సు అని తేలింది, అంతే.

గోదారి_గట్టు
మా రావిచెట్టు కింద కూడా పుస్తకం మొదలైందండి. మా అత్తగారే రాస్తానన్నారు, ఆవిడకి ఎలాగూ కూచునే పని ఉంది కదా అని.

చింతచెట్టు_స్టేజి (ఇంకో పన్నెండు రోజులకు)
బస్సు వచ్చింది. నిన్న పొద్దున 7:25కి, తండా మీదుగా. నెల రోజులు చూస్తాం అన్నారు. 11 గంటల బస్సు తీసేశారు, బుధవారం అంగడి రోజు మాత్రం ఉంచమని అడిగాం, ఇంకా చెప్పలేదు. మల్లెపందిరి అక్క లాంటి వాళ్లు మా ఊళ్లో నలుగురున్నారు, వాళ్లు 8కి డ్యూటీకి అందుకోలేరు, పదిహేను నిమిషాలు ముందుకు జరపమన్నాం. సాయంత్రం ట్రిప్పు ఇచ్చారు కానీ 4:20కి. డిగ్రీ కాలేజీ వదిలేదే 4:30కి. పాప కాలేజీ వాళ్లకు సరిపోతుంది, ఆ పెద్ద పిల్లలు మళ్లీ ఆటోనే. నైట్ హాల్ట్ గురించి అడిగితే నవ్వారు.

ఆర్టీఐ జవాబు ఇవాళే పోస్టులో వచ్చింది. ఆ 12 నెలల్లో పొద్దుటి ట్రిప్పు 97 రోజులు క్యాన్సిల్. సగం చోట్ల కారణం అన్న గడి ఖాళీ.

పాత_కండక్టర్
97 రోజులు రాని బస్సుకు ఓఆర్ ఎక్కడినుంచి వస్తుంది! ఆ కాగితం జిరాక్సులు ఐదు తీసిపెట్టు, నెల తరవాత మళ్లీ ఓఆర్ అంటే మొదట అదే బల్ల మీద పెట్టు.

ఈ నెల చాలా ముఖ్యం. బస్సు రాని రోజు, లేటైన రోజు తేదీ, టైంతో రాయండి. ఆడవాళ్లందరూ జీరో టికెట్ అడిగి తీసుకోవాలి, ఒక్క స్టేజి దూరమైనా సరే. పిల్లలు పాస్ చూపించి కూర్చోకుండా, "రాసుకోండి సార్" అని కండక్టర్‌కు ఒకసారి గుర్తు చేయాలి. సాయంత్రానికి ఈసారి బస్టాండ్లో కాదు, బస్సు దిగేచోట లెక్కపెట్టండి, 5:30 ఆటోల్లో వచ్చి దిగేవాళ్లను వేరే పేజీలో రాయండి. అది చేతికొస్తే 4:20ని 5కి జరిపించొచ్చు.

మల్లెపందిరి
మా ఊళ్లో నేను మొదలుపెట్టా అన్నా. ఇవాళ మొదటి పేజీ. మా మరిదే రాస్తున్నాడు, నన్ను రోజూ దింపే పని తప్పుతుందని ఆశ.

చింతచెట్టు_స్టేజి
ఇవాళ పొద్దున 47 మంది, ఏడుగురు నిలబడ్డారు. 28 జీరో టికెట్లు. బస్సు 7:31కి వచ్చింది, రాసుకున్నాం. పెన్ను ఎవరో కొట్టేశారు, రేపటికి దారం కట్టిన పెన్ను తెమ్మని తండా అబ్బాయికి చెప్పా.